గుట్ట మీద పేర్లు, గుట్ట కింద తలుపు

మొన్న బుధవారం పొద్దున నోయిడాలో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ పేపర్లో అచ్చుతప్పులు వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. పెద్దమ్మ మనవరాలు. ఇక్కడే సెక్టార్ ఆస్పత్రిలో నర్సు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేటప్పుడు సగం దారిలో హిందీలోకి మళ్లిపోతుంది. ఎప్పుడూ ముందు ఆంటీ ఎలా ఉన్నారని అడిగే పిల్ల, ఆ రోజు అదేమీ అడగలేదు. "అంకుల్, మీరు అమ్మమ్మ మీద పేపర్‌లో రాశారంట కదా. వో కటింగ్ హై క్యా ఆప్‌కే పాస్?" అంది.

ఉందన్నాను. కాస్త గర్వంగానే అన్నాను. నా కటింగులన్నీ సంవత్సరాల వారీగా ఫైళ్లలో ఉంటాయి. పెళ్లినాటి పట్టుచీర చెదలు తినేసిన ఇంట్లో నా ఫైళ్లు మాత్రం క్షేమంగా ఉన్నాయని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంటుంది. ఎందుకమ్మా అని అడిగితే ఆ పిల్ల చెప్పిన సంగతి ఇది. ఢిల్లీలో రిడ్జ్ అనే గుట్ట వాలులో ఉన్న ఇళ్లన్నీ, పెద్దమ్మ ఇంటితో సహా, తీసేస్తున్నారు. ఫలానా తేదీకి ముందు నుంచి అక్కడే ఉంటున్నట్టు ఇంటావిడ పేరుతో ఏదైనా పాత కాగితం చూపించినవాళ్లకు ఊరి చివర నరేలా అవతల ఒక గది ఇస్తారు. చూపించలేనివాళ్లకు ఏమీ లేదు. కాగితాలు తీసుకునే శిబిరం ఆ సాయంత్రం ఐదింటికి ఎత్తేస్తారు. తను ఉండేది నర్సుల హాస్టల్లో, నలుగురికి ఒక గది. తొంభై ఏళ్ల మనిషిని అక్కడికి రానివ్వరు. "ఔర్ కుఛ్ నహీ బచా, అంకుల్. మీ కటింగ్ ఒక్కటే," అని ఊరుకుంది.

పెద్దమ్మ నాకు రక్తసంబంధం కాదు. ఢిల్లీలో దిగిన కొత్తలో నన్ను ఏడు నెలలు ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. నన్నే కాదు, బాపట్ల, చీరాల వైపు నుంచి జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రేకుపెట్టె, ఒక పచ్చడి జాడీ పట్టుకుని దిగిన ప్రతివాణ్ణీ, ప్రతి నర్సుపిల్లనూ అలాగే పెట్టుకుంది. ఆ గుట్ట వాలులో కాపురం పెట్టిన మొదటి తెలుగు కుటుంబం వాళ్లది. పెద్దనాన్న రిడ్జ్ తోటల్లో మాలీ. ఆదివారాలు ఆ గుట్ట రాయినే ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక గది కట్టాడు. జనం పెరిగితే రెండోది, మూడోది. కింద మిషన్ ఆస్పత్రిలో పెద్దమ్మకు క్వార్టర్ ఉండేది కానీ అందులో ఆడమనిషి ఒక్కతే ఉండాలి, రాత్రి ఎనిమిది తర్వాత బయటివాళ్లు రాకూడదు. అందుకని కాపురం గుట్ట మీద, చిరునామా మాత్రం ఆస్పత్రిది. పోస్ట్‌మన్ గుట్ట ఎక్కడు. రేషన్ కార్డు, ఉత్తరాలు, మనీయార్డర్లు, పిల్లల బడి సర్టిఫికెట్లు, అన్నీ ఆ క్వార్టర్ నంబరు మీదే. మాకందరికీ అదెంతో సుఖంగా ఉండేది. ఆ ఆస్పత్రి మూతపడి ఇరవై ఏళ్లయింది. దాని రికార్డులు ఏమయ్యాయో చెప్పేవాళ్లు లేరు.

కటింగును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మెట్రో ఎక్కాను. మధ్యాహ్నం వేళ కాబట్టి సీటు దొరికింది. రాసి ముప్ఫై ఏళ్లు దాటింది కదా, ఒకసారి చదువుకుందామని తీశాను. మంచి ఫీచరే. ఆదివారం అనుబంధంలో అరపేజీ. పై భాగమంతా గుట్ట మీది ఎర్రరాతి స్మారకం ఫొటో. పెద్దమ్మ ఫొటో కూడా తీశాం కానీ, బొమ్మలో పొగ ఎక్కువగా ఉందని డెస్క్‌వాళ్లు స్మారకాన్నే వేశారు. మొదటి పేరా ముగిసింది, ఆమె పేరు రాలేదు. రెండో పేరాలో వస్తుందనుకున్నాను. మూడో పేరాలో "ఒక తల్లి" అని ఉంది. తర్వాత "ఆమె", "ఆ ఇల్లాలు", "ఆ నర్సమ్మ". ఇంటి సంగతికొస్తే "గుట్ట వాలులో ఒక రాతి ఇల్లు". రాజీవ్ చౌక్ వచ్చేసరికి చివరి వాక్యం దాకా రెండుసార్లు చదివాను. రైలు మారి, నిలబడి, మూడోసారి చదివాను. కశ్మీరీ గేట్‌లో మళ్లీ మారాల్సింది మరిచిపోయి ఒక స్టేషన్ ముందుకు వెళ్లిపోయాను.

పేరు వదిలేయడం పొరపాటున జరిగింది కాదు. ఆ రోజుల్లో మా డెస్క్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. పేరు రాస్తే ఒక మనిషి కథ, పేరు తీసేస్తే అందరి కథ అని మా చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పాడు. ఫీచర్లు రాసేవాళ్లకు అదొక జబ్బులా పట్టుకుంది. పాఠకుడు తన తల్లిని అందులో చూసుకోవాలని మా తాపత్రయం. ఇప్పుడు ఈ నాలుగు మాటల్లో కూడా ఎవరినీ పేరు పెట్టి పిలవలేదని చదివేవాళ్లు గమనించే ఉంటారు. అంత తేలిగ్గా వదిలే జబ్బు కాదది.

రైల్లో నిలబడ్డప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది. ఫీచర్ రాస్తానని చెప్పిన రోజు పెద్దమ్మ ఆస్పత్రి మందుల చీటీ వెనక తన పేరు ఇంటిపేరుతో సహా రాసి నా చేతిలో పెట్టింది. కేసు షీటు మీద రాసినట్టు పైన ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, కింద తెలుగులో. "తప్పు పోకుండా చూడు నాయనా. మా అన్న చదువుతాడు ఊళ్లో," అంది. అలాగే పెద్దమ్మా అన్నాను. ఫీచర్ వచ్చిన వారం మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్తే, పేపరు మడతపెట్టి బైబిల్లో దాచుకుంటూ, "బాగా రాశావు నాయనా. ఎవరోగాని మంచామె," అంది. పక్కనున్న నర్సుపిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట నాకు మొన్న, మెట్రోలో, ముప్ఫై ఏళ్ల తర్వాత తగిలింది.

ఆటో దిగాక నేరుగా శిబిరానికి వెళ్లాల్సింది. కాళ్లు పైకి నడిచాయి. మూడున్నరయింది, ఇంకా టైముందని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పిల్ల ముఖం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. స్మారకం అప్పటిలాగే ఉంది. ఎర్రరాతి గోపురం, మొనదేలిన కొస, చుట్టూ మెట్లు, మెట్ల మీద చేతులు పట్టుకుని కూర్చున్న జంటలు, వాళ్ల చిప్స్ పొట్లాల కోసం కాచుక్కూర్చున్న కోతులు. గార్డు కుర్చీలో కునుకు తీస్తున్నాడు. సిపాయిల తిరుగుబాటును అణచడానికి ఈ గుట్ట మీద గుడారాలు వేసుకున్న తెల్లదొరలు, తమవాళ్లలో పోయినవాళ్ల కోసం కట్టుకున్నది ఇది. రాతి పలకల మీద అధికారుల పేర్లు, హోదాలు చెక్కి ఉంటాయి. వాళ్ల వైపునే నిలబడి చచ్చిపోయిన మన సిపాయిలకు పేర్లుండవు. నేటివ్ అని ఒక వరస, దాని కింద అంకెలు. ఎదురు నిలిచినవాళ్లకు శత్రువన్న మాట తప్ప ఇంకేమీ దక్కలేదు. వాళ్లే మన వీరులని స్వతంత్రం వచ్చాక పక్కన ఇంకో పలక పెట్టారు. దాని మీద కూడా పేర్లు లేవు, పాపం. ఆ అంకెల మీద కూడా నా ఫీచర్లో ఒక పేరా ఉంది. పేర్లు చెక్కని చరిత్రను తెగ ఎత్తిపొడిచాను. ఎంత బాగా రాశానో చెప్పలేను.

ఇంటికి కొత్తగా వచ్చినవాణ్ణి మొదటి ఆదివారం, చర్చి అవగానే, పెద్దమ్మ ఈ మెట్లెక్కించేది. తెల్లచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో చెట్ల సందుల్లోంచి చూపించేది. అదుగో జామా మసీదు, అదుగో స్టేషను, ఆ నల్ల పొగ కింద మా ఆస్పత్రి. ఈ ఊళ్లో దారి తప్పితే ఎవర్నీ అడగొద్దు, ఈ ఎర్ర గోపురాన్ని వెతుక్కోండి, దీని కిందే మనిల్లు అనేది. అప్పట్లో డబ్బా కెమెరా పెట్టుకుని ఒక ఫొటోగ్రాఫర్ అక్కడ కూర్చునేవాడు. కొత్తవాడు ఊరికి పంపుకోవడానికి ఒక ఫొటో. అందరి ఫొటోల్లో గోపురమే ఉంది, ఇల్లు లేదు. ఇంటి ముందు ఫొటో ఎవరు దిగుతారు, ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాం.

ఇల్లు వదిలి సొంత గదికి పోయే రోజుకు ఇంకో ఆనవాయితీ ఉండేది. వంటింటి తలుపు ఆస్పత్రివాళ్లు పారేసిన పాత తలుపు. దుప్పట్ల మీద గుర్తులు వేసే నల్లసిరా పెద్దమ్మ ఒక బుడ్డిలో తెచ్చి ఉంచింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సిరా అది. పోయేవాడు ఆ తలుపు లోపలివైపు తన పేరు, ఊరు, వచ్చిన రోజు, పోయే రోజు రాసి పోవాలి. రాయకపోతే గడప దాటనిచ్చేది కాదు. మళ్లీ వచ్చినప్పుడు ఎవరో అనుకుంటానయ్యా, వయసైపోతోంది అనేది. అప్పటికి ఆమెకు నలభై అయిదు కూడా లేవు. నా పేరు ఆ తలుపు మీద గొళ్లెం పక్కన ఉంది. అంత చోటున్నా అక్షరాలు ఎందుకు అలా వంకరపోయాయో గుర్తులేదు. ఏడిచానని ఆమె తర్వాత అందరికీ చెప్పేది.

నాలుగున్నరకు కిందికి దిగాను. శిబిరమంటే ఒక షామియానా, రెండు బల్లలు, ఒక కూలర్. మనవరాలు యూనిఫారంలోనే వచ్చేసి క్యూలో చోటు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆ పిల్ల ముఖం విప్పారింది. చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో మా వంతు వచ్చింది. బల్ల వెనక కుర్రవాడు మర్యాదస్తుడు. పేపరు పైన తేదీ చూశాడు, వేలితో రెండుసార్లు తట్టాడు. తారీఖు పనికొస్తుంది, చదివి వినిపించండి అంకల్‌జీ అన్నాడు. అతనికి తెలుగు రాదు.

నేను రాసింది నేనే హిందీలోకి మార్చి చదవడం మొదలుపెట్టాను. అతను ఫారంలో పేరు అనే గడి మీద పెన్ను ఆనించి వింటున్నాడు. మొదటి పేరా. రెండోది. పెన్ను కదల్లేదు. మూడో పేరాలో "ఒక తల్లి" దగ్గరికొచ్చాను. పక్కన ఆ పిల్ల అతని పెన్ను వైపే చూస్తోంది. నలభై ఏళ్లలో ఒక్క తప్పుడు వార్త రాయలేదని చెప్పుకుని బతికినవాణ్ణి. అక్కడ ఆగకుండా, గొంతు మార్చకుండా, ఆమె పేరు ఇంటిపేరుతో సహా చదివేశాను. ఇంటి ఆనవాళ్లు కూడా కలిపాను.

అతను పేరు రాసుకున్నాడు. తర్వాత పేపరు నా వైపు తిప్పి, ఆ పేరు ఎక్కడుందో చూపిస్తే గుండ్రంగా చుడతానన్నాడు. నా వేలు దానంతటదే "ఒక తల్లి" మీద పడింది. ఎర్ర పెన్నుతో శ్రద్ధగా చుట్టాడు. ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దాఫీసులో మీ ఆంధ్రా మేడం ఉన్నారు, ఆవిడ సరే అంటే అయిపోయినట్టే అన్నాడు. మాకు కుర్చీలు చూపించాడు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "థాంక్యూ అంకుల్, అమ్మమ్మకి ఫోన్ చెయ్యనా?" అని అడిగింది. ఉండమ్మా అన్నాను. మనిషికి అంత పొడుగు పది నిమిషాలు ఉంటాయని నాకు తెలియదు.

జవాబు వచ్చింది. అతను చదువుకుని, ఫారంలో రాసిన పేరును ఒక్క గీతతో కొట్టేశాడు. పేపరు నా వైపు జరిపాడు. నెమ్మదిగా, "నామ్ హోతా తో బాత్ బన్ జాతీ, అంకల్‌జీ," అన్నాడు. పేరుండుంటే పనైపోయేది. ఈ వ్యాసం రాసింది నేనేనని, ఇప్పుడే ప్రమాణపత్రం రాసిస్తానని, ఆ ఇంటి తలుపు మీద పేర్లు, తేదీలు ఉన్నాయి వచ్చి చూడమని బతిమాలాను. ఇవాళ్టి తేదీతో రాసింది చెల్లదు. తలుపును ఫైల్లో పెట్టడం కుదరదు. పైగా తలుపు మీద ఉన్నది వచ్చిపోయినవాళ్ల పేర్లు కదా, ఇంటావిడ పేరు ఉందా అని అడిగాడు. లేదు. సొంత ఇంట్లో ఎవరు రాసుకుంటారు? ఐదింటికి కూలర్ ఆపేసి కుర్చీలు మడతపెట్టారు.

మనవరాలు బ్యాగు భుజాన తగిలించుకుంది. ఇంటిదాకా ముందు నడిచింది. తిట్టి ఉంటే బాగుండేది.

పెద్దమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. చూపు దాదాపు పోయింది. అడుగుల చప్పుడును బట్టి గుర్తుపట్టి, చెయ్యి చాపి, నా తల తడిమి, జుట్టు ఏమైందని అడిగింది. తర్వాత శిబిరంలో ఆ పిల్లోడు ఏమన్నాడంది. అబద్ధం ఒక్కరోజుకి ఒకటి చాలు. జరిగిందంతా చెప్పాను, శిబిరంలో నేను చేసిన మోసంతో సహా. మనవరాలు లోపలికెళ్లి గిన్నెలు చప్పుడు చేస్తోంది.

పెద్దమ్మ మంచం మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది. పైన గోపురం మీద ఎండ ఎర్రగా ఉంది. నేనే ఆగలేక, అప్పుడే నన్నెందుకు అడగలేదు పెద్దమ్మా అన్నాను.

"అచ్చయిపోయినాక అడిగితే ఏం లాభం నాయనా. నిన్ను తిట్టినట్టుంటది," అంది. కొంగు సర్దుకుని, "మా అన్న మట్టుకు నమ్మలా. వేరే ఎవరి గురించో రాస్తే నాదంటున్నానని నవ్వాడంట. పొయ్యిందాకా నవ్వాడు," అంది.

కవర్లో ఉన్న కటింగును ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె దాన్ని వేళ్లతో తడిమి, తిరిగి నాకిచ్చేసింది. నా దగ్గర ఒకటుంది, బైబిల్లో, ఇది నీదగ్గరే ఉంచుకో అంది.

అప్పుడు లేపమన్నట్టు చెయ్యి చాపింది. వంటింటి తలుపు దగ్గరికి తీసుకెళ్లమంది. నేనొక పక్క, మనవరాలొక పక్క పట్టుకున్నాం. ఆమె బరువు ఏమీ లేదు. తలుపు మూసి లోపలివైపు చెయ్యి వేసింది. పైనుంచి కిందిదాకా పేర్లు. ఆ సిరా మాత్రం మాట నిలబెట్టుకుంది. కొన్ని పేర్లవాళ్లు ఇప్పుడు గురుగ్రామ్‌లో పెద్ద ఇళ్లలో ఉన్నారు, కొందరు లేనే లేరు. నా పేరు గొళ్లెం పక్కన వంకరగా ఉంది.

"ఈ ఇంట్లోంచి పొయ్యేవాళ్లంతా రాసిపోవాల గదా. నాకు మాత్రం మాఫీనా," అంది. "నాకు కళ్లు ఆనవు. నువ్వే రాయి. ఈసారన్నా వదలమాక."

సిరాబుడ్డి ఎప్పుడో ఎండిపోయింది. మనవరాలు జేబులోంచి మార్కర్ తీసిచ్చింది, డ్రిప్ బాటిళ్ల మీద తేదీ వేసేది. ఇవ్వడం మాత్రం ఇచ్చింది, నా వైపు చూడలేదు. చోటు అడుగున ఒక్క జానెడే మిగిలింది. ఈ మోకాళ్లతో నేల మీద కూర్చోవడమే ఒక ప్రయాణం. కూర్చుని రాశాను. రాసేటప్పుడు ఒక్కో అక్షరం పైకి చదవమంది పెద్దమ్మ. చదివాను. ఇక్కడా అలాగే రాస్తున్నాను: తాళ్లూరి సువార్తమ్మ, నర్సు, బాపట్ల దగ్గర పల్లె. వచ్చిన సంవత్సరం ఆమే చెప్పింది, వేశాను. పోయే రోజు ఏం వెయ్యమంటావు పెద్దమ్మా అని అడిగాను.

"అది ఖాళీగా ఉంచు. వాళ్లొచ్చి చెప్తారు," అంది.

ఆ ఖాళీ ఇవాళ్టికి ఇంకా అలాగే ఉంది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి కనుక్కుంటున్నాను. మనవరాలు ఎత్తి, ఒక్క మాటలో చెప్పి పెట్టేస్తోంది. పేర్లను చెరిపేది కాలమని నేను ఎన్ని ఫీచర్లలో రాశానో లెక్కలేదు. కాలానికి అంత శ్రమ ఇవ్వకుండా ముందే ఆ పని చేసిపెట్టే చేతులు కొన్ని ఉంటాయి, చాలా చక్కని అక్షరాలు రాసే చేతులు.